స్టీరింగు ముచ్చట్లు: కొండదారి, కారు, కంప్యూటర్ ఆట

ఈ నెల వచ్చిన ఉత్తరాలలో ఎక్కువ భాగం తిరుపతి, చిత్తూరు, శ్రీకాళహస్తి, సత్యవేడు వైపు నుంచి వచ్చాయి. కార్ల గురించి అడిగినవారూ, కార్ల ఆటల గురించి అడిగినవారూ దాదాపు సమానంగానే ఉన్నారు. ఒకదాని గురించి మొదలుపెట్టి రెండోదానిలోకి వెళ్ళినవారు కూడా ఉన్నారు. కొలతలతో తేలే విషయాల్లో కొలతలు ఇచ్చాను, అభిరుచితో తేలే విషయాల్లో నా అభిరుచిని దాచుకోలేదు.

ప్రశ్న: కొన్నేళ్ళుగా కంప్యూటరుకు స్టీరింగు తగిలించుకుని కార్ల ఆటలు ఆడుతున్నాను. జర్మనీలోని నూర్బుర్గ్‌రింగ్ ట్రాకులో ఏ మలుపు తరువాత ఏది వస్తుందో నిద్రలో అడిగినా చెప్పగలను. ఈ మధ్యే లైసెన్సు వచ్చింది. అయినా తిరుమల ఘాట్ రోడ్డులో కారు నా చేతికివ్వడానికి నాన్న ఒప్పుకోవడం లేదు. ఆటలో వచ్చిన అనుభవం అక్కడ పనికిరాదా?
– ఇంజినీరింగ్ విద్యార్థి, శ్రీకాళహస్తి

జవాబు: పనికొస్తుంది, కానీ మీరు అనుకుంటున్నంత మేరకు కాదు. ముందు ఆ రెండు దారులనూ పక్కపక్కన పెట్టి చూద్దాం. 1927లో ప్రారంభమైన నూర్బుర్గ్‌రింగ్ పాత వలయం, అంటే ఆటలాడేవారంతా నార్డ్‌ష్లైఫ్ అని పిలుచుకునేది, 20.8 కిలోమీటర్ల పొడవుంటుంది. 1944లో వాహనాలకు తెరిచిన తిరుమల మొదటి ఘాట్ రోడ్డు, ఇప్పుడు మనం కొండ దిగడానికి వాడుతున్నది, సుమారు 19 కిలోమీటర్లు. పొడవులో రెండూ దగ్గర దగ్గరే. ఎత్తులో మాత్రం పోలికే లేదు. నార్డ్‌ష్లైఫ్‌లో అన్నిటికన్నా ఎత్తైన చోటుకూ, అన్నిటికన్నా పల్లమైన చోటుకూ మధ్య తేడా సుమారు 300 మీటర్లు, అదీ ఎక్కుతూ దిగుతూ తిరిగి మొదలైన చోటికే చేరుతుంది. మన కొండ మీద నుంచి అలిపిరి దాకా దానికి రెట్టింపుకు మించిన ఎత్తును ఒకే పట్టున దిగాలి. ఆ దిగుడు పొడవునా కారు బరువు మిమ్మల్ని ముందుకు నెడుతూనే ఉంటుంది. మీరు ఆడిన ఏ ట్రాకులోనూ ఈ పరిస్థితి ఇంతసేపు ఎదురై ఉండదు.

ఆట మీకు నిజంగా నేర్పినది చూపు. మలుపులోకి వచ్చాక మలుపును చూడడం కాక, దానికి ముందే మలుపు అవతలి అంచును వెతికే అలవాటు మంచి ఆటల వల్ల తప్పక వస్తుంది. వేగాన్ని మలుపుకు ముందే తగ్గించాలనీ, స్టీరింగు తిప్పుతూ గట్టిగా బ్రేకు తొక్కితే టైరుకు ఉన్న పట్టు రెండు పనులకూ చాలదనీ కూడా మీకు తెలిసే ఉంటుంది. కొత్తగా లైసెన్సు తీసుకున్న చాలామందికి ఈ రెండూ తెలియవు. ఈ విషయంలో మీరు వారికన్నా ముందున్నారని మీ నాన్నగారికి నా మాటగా చెప్పండి.

ఆట నేర్పలేనిది బ్రేకుల వేడి. కొన్ని ఆటలు ఆ వేడిని లెక్కగట్టి తెర మీద అంకెగా చూపిస్తాయి గానీ, మీ బల్ల కింద ఉన్న స్ప్రింగు పెడల్ మొదటి మలుపులో ఎంత గట్టిగా ఉందో చివరి మలుపులోనూ అంతే గట్టిగా ఉంటుంది. నిజమైన కారులో అలా ఉండదు. నాలుగో గేరులో దిగుతూ, ప్రతి మలుపుకూ బ్రేకు మీదే ఆధారపడితే ప్యాడ్లు కాగిపోయి పట్టు కోల్పోతాయి. అంతకన్నా ప్రమాదకరమైనది బ్రేకు ఆయిలు మరగడం. ఈ ఆయిలు గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదన్నది ప్రమాణం, తేమ పట్టాక ఆ హద్దు 155 డిగ్రీలకు దిగిపోతుంది. ఆయిలు మరిగితే గొట్టాలలో ఆవిరి బుడగలు చేరతాయి. ఆయిలు నొక్కినా కుదించుకుపోదు గానీ ఆవిరి కుదించుకుపోతుంది కనుక పెడల్ మెత్తగా లోపలికి పోతుంది, కారు మాత్రం ఆగదు. సెలవు రోజుల్లో అలిపిరి దగ్గర, కొండ దిగి వచ్చి ఆగిన అద్దె వ్యాన్ల పక్కగా నడిచి చూడండి. కాలిన ప్యాడ్ల ఘాటు వాసన వస్తుంది. ముందు చక్రం రిమ్ముకు జానెడు దూరంలో చెయ్యి పెడితే చాలు, వేడి సెగ తగులుతుంది. పొరపాటున కూడా దాన్ని ముట్టుకోకండి.

దీనికి మందు గేరు. దిగేటప్పుడు సెకండ్ గేరులో ఉంచి, యాక్సిలరేటరు మీద నుంచి కాలు తీసేస్తే ఇంజనే కారును పట్టి ఉంచుతుంది, బాగా వంపు తిరిగిన మలుపుల్లో ఫస్ట్ గేరు కూడా వాడవచ్చు. అలా చేస్తే పెట్రోలు ఎక్కువ ఖర్చవుతుందని చాలామంది పెద్దవాళ్ళు నమ్ముతారు. నేటి కార్ల విషయంలో అది సరికాదు. గేరులో ఉండి కాలు తీసినప్పుడు, ఇంజను తగినంత వేగంగా తిరుగుతున్నంతసేపూ, ఇంధనం పూర్తిగా ఆగిపోతుంది, చక్రాలే ఇంజనును తిప్పుతాయి. న్యూట్రల్‌లో వేస్తే మాత్రం ఇంజను ఆగిపోకుండా ఉండడానికి పెట్రోలు ఖర్చవుతూనే ఉంటుంది. ఇక ఇంజను ఆపేసి కొండ దిగడం ఎవరైనా చేస్తూ కనిపిస్తే, ఆ బండిలో ఎక్కకండి. ఇంజను ఆగితే బ్రేకుకు దొరికే వాక్యూమ్ సాయం ఒకటి రెండు తొక్కులతో అయిపోతుంది, పవర్ స్టీరింగు బిగుసుకుపోతుంది.

మరో తేడా ఉంది, నాకు అది చాలా ముఖ్యమైనదిగా కనిపిస్తుంది. ఆటలో ముందు చేరినవాడు గెలుస్తాడు. ఘాట్ రోడ్డులో తిరుమల తిరుపతి దేవస్థానం ఎక్కడానికి 28 నిమిషాలు, దిగడానికి 40 నిమిషాలు కనీస సమయంగా నిర్ణయించింది, అంతకన్నా ముందు చేరినవారు సంజాయిషీ చెప్పుకోవాలి, జరిమానా కట్టాలి. 19 కిలోమీటర్లకు 40 నిమిషాలంటే సగటున గంటకు 29 కిలోమీటర్లు కూడా ఉండదు. ఆ వేగంలో ఏం సరదా ఉంటుందని మీకు అనిపించవచ్చు. ఉంటుంది. వెనుక సీటులో పడుకున్న అమ్మమ్మకు మెలకువ రాకుండా, బ్రేకు లైటు అతి తక్కువసార్లు వెలిగేలా, ఒక్క మలుపులోనూ స్టీరింగును రెండోసారి సరిదిద్దకుండా దిగి చూడండి, మీకు తెలిసిన ఏ ల్యాపు (ట్రాకు చుట్టూ ఒక చుట్టు) రికార్డుకన్నా అది కష్టమైన పని. కొంత దూరం నడకదారి భక్తులు కూడా రోడ్డు పక్కనే నడుస్తుంటారు. వారిలో చిన్నపిల్లలుంటారు, మోకాళ్ళ నొప్పులతో రోడ్డు వైపు తూలే పెద్దవాళ్ళుంటారు. ఆటలో గోడకు తగిలితే మళ్ళీ మొదలుపెట్టడానికి ఒక బటను ఉంటుంది.

కాబట్టి ఈసారి మీ నాన్నగారు నడుపుతుంటే పక్కన కూర్చుని, ఆయన ఎక్కడ గేరు మారుస్తున్నారో గమనించండి. తరువాతి ప్రయాణంలో ఎక్కే దారి మీరు తీసుకోండి. దిగే దారి ఆ తరువాత, పగటి వెలుతురులో, ఆయన పక్కన ఉండగా నడపండి. బయలుదేరే ముందు బ్రేకు ఆయిలు మార్పించి ఎన్నాళ్ళయిందో అడగండి. రెండేళ్ళు దాటితే మార్పించమనండి.

ప్రశ్న: నెలకొకసారి కుటుంబంతో తిరుమల వెళతాం. మిగతా రోజుల్లో చిత్తూరు, వేలూరు మధ్య తిరుగుతాను. మోకాలి నొప్పి వల్ల ఆటోమేటిక్ కారు కొనాలనుకుంటున్నాను. ఏఎంటీ చాలంటారా, ఇంకా ఖర్చుపెట్టి వేరేది తీసుకోమంటారా?
– ఉపాధ్యాయిని, చిత్తూరు

జవాబు: ఏఎంటీ అంటే మామూలు గేరు బాక్సే, క్లచ్ తొక్కే పనీ, గేరు మార్చే పనీ మీ బదులు ఒక యంత్రం చేస్తుంది. 2014లో మారుతి సెలెరియోతో మన దేశంలో మొదలైంది. ధర తక్కువ, మైలేజీ మామూలు కారుతో సమానం. దాని లోపం, గేరు మారే క్షణంలో లాగుడు ఆగి మళ్ళీ అందుకోవడం. సమతలమైన వేలూరు రోడ్డు మీద రెండు రోజుల్లో అలవాటైపోతుంది. ఘాట్ ఎక్కేటప్పుడు మాత్రం, మలుపు మధ్యలో అది గేరు మార్చాలని నిశ్చయించుకుంటే, కారు ఒక్క క్షణం ఊపిరి బిగబట్టినట్టవుతుంది. అందుకే కొండ మీద దాన్ని మాన్యువల్ మోడులో పెట్టి, సెకండ్ గేరును మీరే పట్టి ఉంచాలి. దిగేటప్పుడు ఇది సౌకర్యం కోసం కాదు, తప్పనిసరి. డి (డ్రైవ్) లో వదిలేస్తే అది పై గేరుకు వెళ్ళిపోయి భారమంతా బ్రేకుల మీద పడవచ్చు.

డబ్బు సర్దుబాటైతే నా ఓటు టార్క్ కన్వర్టరు రకానికి. ఇంజనుకూ గేరు బాక్సుకూ మధ్య శక్తిని ఆయిలు ద్వారా అందించే ఏర్పాటు కనుక, నిండు బండితో ఎగువన ఆగి, అంగుళం అంగుళంగా కదలవలసి వచ్చినా అరిగిపోయే క్లచ్ అక్కడ ఉండదు. సీవీటీ, అంటే విడివిడి గేర్లు లేకుండా సాగే రకం, కూడా మెత్తగా నడుస్తుంది. గట్టిగా తొక్కినప్పుడు ఇంజను ఒకే స్థాయిలో మోగుతూ, కారు ఆ మోతను నింపాదిగా అందుకోవడం నాకు నచ్చదు గానీ, అది నా చెవి సంగతి. మీ మోకాలికి దానితో ఇబ్బంది లేదు. రెండు క్లచ్‌ల గేరు బాక్సు, అంటే డీసీటీ, హైవే మీద అన్నిటికన్నా చురుకైనది. కానీ పొడి క్లచ్, అంటే ఆయిలులో మునిగి ఉండని క్లచ్, ఉన్న రకాలు ఎగువ దారిలో ఆగి ఆగి పాకే రద్దీలో వేడెక్కుతాయి. బ్రహ్మోత్సవాల రోజుల్లో కొండ ఎక్కేవారికి ఆ పరిస్థితి తప్పదు కనుక మీకు దాన్ని సిఫార్సు చేయను.

ఏది కొన్నా ఒక మాట గుర్తుంచుకోండి. ఎగువన ఆగినప్పుడు కారు వెనక్కి జారకుండా యాక్సిలరేటరును కొద్దిగా తొక్కి పట్టడం చాలామంది చేస్తారు. ఏఎంటీ, డీసీటీ కార్లలో అది హాఫ్ క్లచ్‌తో సమానం, క్లచ్ ప్లేటు కాలిపోతుంది. బ్రేకు తొక్కి పట్టండి, లేదా హ్యాండ్ బ్రేకు వేయండి. షోరూము వాళ్ళు టెస్ట్ డ్రైవ్‌కు చదునైన బైపాస్ రోడ్డుకే తీసుకువెళతారు. మీరు పట్టుబట్టి, రద్దీ లేని ఏదైనా ఎత్తు వీధిలోకి తీసుకువెళ్ళి, నలుగురు మనుషులు కూర్చుని ఉండగా ఆపి, కదిలించి చూడండి.

ప్రశ్న: మన జిల్లాలోనే తయారవుతున్న ఇసుజు పికప్ కుటుంబానికి కొనుక్కోవచ్చా?
– వ్యాపారి, సత్యవేడు

జవాబు: శ్రీసిటీలో ఇసుజు కర్మాగారం 2016లో ఉత్పత్తి మొదలుపెట్టింది. అక్కడ తయారయ్యే డీ-మ్యాక్స్ వీ-క్రాస్ అంటే నాకు చాలా ఇష్టం. లారీలాగా నిచ్చెన ఆకారపు చట్రం మీద కట్టిన బండి. తోటలోకి, ఏటి ఇసుకలోకి, బురదలోకి నాలుగు చక్రాల లాగుడుతో వెళ్ళే పని మీకు నిజంగా ఉంటే ధైర్యంగా కొనండి. లేకపోతే రెండు విషయాలు ఆలోచించండి. దాని పొడవు 5.3 మీటర్ల వరకూ ఉంటుంది. అది మీ ఇంటి ముందు పడుతుందేమో గానీ, తిరుపతి గాంధీ రోడ్డు పక్క సందుల్లో వెనక్కి తిప్పుకోవలసి వచ్చిన రోజున తెలుస్తుంది. రెండోది, వెనుక వైపు కమాన్ కట్టలు బరువు మోయడానికి అమర్చినవి. వెనుక తొట్టె ఖాళీగా ఉన్నప్పుడు గతుకుల్లో వెనుక సీటువారిని ఎత్తి కుదేస్తాయి. సరుకు వేసినప్పుడు అదే బండి హాయిగా సాగుతుంది. వారంలో సగం రోజులైనా తొట్టె నిండుతుందంటే, ఈ ధరలో ఇంతకన్నా మీకు తగిన బండి లేదు.

ప్రశ్న: కంప్యూటరు ఆటలకు స్టీరింగు కొనాలనుకుంటున్నాను. డైరెక్ట్ డ్రైవ్ అయితేనే కొనమని స్నేహితులు అంటున్నారు. బడ్జెట్ తక్కువ. ఏం చేయాలి? ఏ ఆటతో మొదలుపెట్టాలి?
– భవానీ నగర్, తిరుపతి

జవాబు: ఈ ప్రశ్నకు జవాబు రాయడం నాకు ఎంతో సంతోషం, ఎందుకంటే ఈ విషయంలో ఎక్కువమంది డబ్బును తప్పు చోట పెడుతున్నారు. డైరెక్ట్ డ్రైవ్ అంటే మోటారు ఇరుసుకే స్టీరింగును బిగించడం. మధ్యలో పళ్ళచక్రాలు, బెల్టు ఉండవు కనుక రోడ్డు మీది చిన్న గరుకు కూడా వేళ్ళకు తెలుస్తుంది. అది గొప్ప అనుభవమే. కానీ దాన్ని తెచ్చి చదువుకునే బల్లకు బిగిస్తే బల్ల ఊగుతుంది, ఆ బలానికి తగిన గట్టి స్టాండు మళ్ళీ కొనాలి. 2015లో వచ్చిన లాజిటెక్ జీ29 వంటి పళ్ళచక్రాల రకంలో కొంచెం గరగరమనే చప్పుడు ఉంటుంది, మధ్య భాగంలో కొద్దిపాటి వదులు ఉంటుంది. అయినా 900 డిగ్రీలు, అంటే రెండున్నర చుట్లు తిరుగుతుంది, క్లచ్‌తో కలిపి మూడు పెడల్స్ వస్తాయి. నేర్చుకోవడానికి అది చాలు. ముందువారు జాగ్రత్తగా వాడినదైతే పాతది కొన్నా తప్పులేదు. కొనే ముందు రెండు వైపులా చివరిదాకా తిప్పి, మధ్యకు సరిగ్గా వస్తోందో లేదో చూసుకోండి.

మిగిలిన డబ్బును బ్రేకు పెడల్ మీద పెట్టండి. మామూలు పెడల్ మీ కాలు ఎంత దూరం కదిలిందో కొలుస్తుంది. లోడ్ సెల్ ఉన్న పెడల్ మీరు ఎంత బలంతో తొక్కారో కొలుస్తుంది. నిజమైన కారులో మన పాదం గుర్తుపెట్టుకునేది దూరాన్ని కాదు, బలాన్ని. ఒకే మలుపుకు ఒకే విధంగా బ్రేకు వేయగలగడం లోడ్ సెల్ వచ్చాకే సాధ్యమవుతుందని నా గట్టి అభిప్రాయం. నిలకడ పెరిగితే ల్యాపు సమయం దానంతటదే తగ్గుతుంది. ఖరీదైన స్టీరింగు ఇంత మేలు చేయదు.

ఆటల విషయానికి వస్తే, 2014లో పూర్తి రూపంలో విడుదలైన అసెట్టో కోర్సాతో మొదలుపెట్టండి. ఇటలీకి చెందిన కునోస్ సంస్థ చేసిన ఆట. అందులోని చాలా ట్రాకులను లేజరుతో కొలిచి కట్టారు కనుక, రోడ్డు మీది ఎత్తుపల్లాలు నిజమైనవే. పాత ఆట కాబట్టి సాధారణ కంప్యూటరులోనూ నడుస్తుంది, మన ఎండాకాలంలో ల్యాప్‌టాప్ కాగిపోయి వేగం తగ్గించుకునే బాధ తక్కువ. దానిలో బలమైన కారును ఎంచుకోకండి. తక్కువ శక్తి, సన్నని టైర్లు ఉన్న కారును తీసుకుని అది ఎక్కడ జారుతుందో తెలుసుకోండి.

1997లో జపానులో ప్లేస్టేషన్ మీద వచ్చిన మొదటి గ్రాన్ టూరిస్మో ఈ మార్గాన్నే పట్టింది. ఆడేవారు ముందు లైసెన్సు పరీక్షలు నెగ్గాలి, కొద్దిపాటి డబ్బుతో వాడిన కారు కొనాలి, దాన్ని సంపాదనతో మెరుగుపరచుకోవాలి. మొదటి గంటలోనే వంద మెరిసే కార్లు చేతికిచ్చే నేటి ఆటల్లో ఒక్క కారుతోనూ మనకు చనువు ఏర్పడదు. ఆ ఆటను తెచ్చిన సోనీ సంస్థ, కార్ల కంపెనీ నిస్సాన్ కలిసి 2008లో ప్రారంభించిన జీటీ అకాడమీ ద్వారా ఆటగాళ్ళను నిజమైన రేసు కార్లలోకి తెచ్చారు. మొదటి విజేత స్పెయిన్‌కు చెందిన లూకస్ ఆర్డోన్యెజ్, 2011 విజేత బ్రిటన్‌కు చెందిన జాన్ మార్డెన్‌బరో. ఇద్దరూ తరువాత ఫ్రాన్సులోని లె మాన్స్ 24 గంటల పందెంలో పాల్గొన్నారు. వారిని కూడా నేరుగా పందెంలోకి దింపలేదు, నిజమైన కారులో నెలల తరబడి శిక్షణ ఇచ్చాకే దింపారు.

పందేలు మీకు పట్టకపోతే, 2012లో వచ్చిన యూరో ట్రక్ సిమ్యులేటర్ 2 ఆడండి. అద్దాలు చూసుకుంటూ పొడవైన ట్రైలరును వెనక్కి పెట్టడం నేర్చుకున్నవారు నిజమైన కారును ఇరుకు చోట నిలపడంలో కంగారుపడరు. నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఆట అదే.

ప్రశ్న: మా అబ్బాయికి పదిహేనేళ్ళు. ఎప్పుడూ కార్ల ఆటలే. ఆటలో ఇంత బాగా నడుపుతున్నాను కదా, కారు తాళాలు ఇవ్వమని పోరు పెడుతున్నాడు. ఆటలు మాన్పించాలా?
– గృహిణి, పలమనేరు

జవాబు: అమ్మా, ఆటలు మాన్పించవద్దు, తాళాలు ఇవ్వవద్దు. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ ప్రకారం మైనరు బండి నడుపుతూ నేరం చేస్తే తల్లిదండ్రులకో, బండి యజమానికో మూడేళ్ళ దాకా జైలు, 25,000 రూపాయల జరిమానా ఉంటాయి, బండి రిజిస్ట్రేషను 12 నెలల పాటు రద్దవుతుంది. ఇవన్నీ మీకు సంబంధించినవి. మీ అబ్బాయికి చెప్పవలసినది వేరే ఉంది. అలా పట్టుబడిన పిల్లవాడికి 25 ఏళ్ళు వచ్చేదాకా లైసెన్సు ఇవ్వరు. కార్లంటే ప్రాణమిచ్చే కుర్రవాడికి ఇంతకన్నా పెద్ద శిక్ష లేదు. ఈ మాట అతనికి కోపంతో కాక, నిదానంగా చెప్పండి. 16 ఏళ్ళు నిండినవారికి 50 సీసీ లోపు గేరులేని బండికి లైసెన్సు ఇచ్చే వీలుంది గానీ, ఇప్పుడు వీధుల్లో తిరిగే పెట్రోలు స్కూటర్లు దాదాపు అన్నీ 50 సీసీకి పైబడినవే.

అతని ఇష్టానికి వేరే దారి చూపండి. ఆదివారం పొద్దున టైర్ల గాలి కొలిచే పని అతనికి అప్పగించండి. డ్రైవరు తలుపు తెరిస్తే పక్క స్తంభం మీద ఎంత గాలి ఉండాలో రాసి ఉంటుంది. బండి కదలకముందు, టైర్లు చల్లగా ఉన్నప్పుడు ఆ అంకెకు సరిచూడాలి. వేసవిలో గాలి తగ్గించి నడపాలన్న మాట తప్పు, గాలి తగ్గితే టైరు అంచులు ఎక్కువగా వంగి మరింత వేడెక్కుతాయి. ఇంజను ఆయిలు పుల్ల తీసి చూడడం, స్టెప్నీ మార్చడం, ఇవన్నీ పదిహేనేళ్ళ పిల్లవాడు చట్టబద్ధంగా చేయగల పనులు. ఆటలో టైరు ఒత్తిడి మారిస్తే కారు ఎలా మారుతుందో అతనికి ఈపాటికే తెలిసి ఉంటుంది. అడిగి చూడండి, మీరు ఆశ్చర్యపోతారు.

ఒక్క విషయంలో మాత్రం గట్టిగా ఉండండి. కొత్త కార్లను నిజమైన డబ్బుతో కొనమని ఊరించే ఆటలు ఉన్నాయి. మీ ఫోనులో ఉన్న యూపీఐ గాని, కార్డు గాని ఆ ఆటకు అనుసంధానం కాకుండా చూసుకోండి. ఇక డబ్బు పెట్టి డబ్బు గెలిచే ఆన్‌లైన్ ఆటలను మన రాష్ట్రం 2020లోనే నిషేధించింది, 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ వర్తించే చట్టం చేసింది. అటువంటి ఆట అతని ఫోనులో కనిపిస్తే ఆ రోజే తీసివేయించండి.

ప్రశ్న: ఎలక్ట్రిక్ కారుతో తిరుమల వెళితే దారిలో చార్జింగు అయిపోతుందని భయం. ఎంత ఖర్చవుతుంది?
– విశ్రాంత ఉద్యోగి, తిరుచానూరు

జవాబు: లెక్క వేసి చూద్దాం. మనుషులతో కలిపి 1,800 కిలోల కారును 700 మీటర్ల ఎత్తుకు చేర్చడానికి కావలసిన శక్తి సుమారు 3.4 యూనిట్లు. చక్రాల రాపిడి, మోటారు నష్టాలు, ఏసీ కలుపుకుని దానికి రెట్టింపు అనుకున్నా ఏడు యూనిట్లకు మించదు. 30 యూనిట్ల చిన్న బ్యాటరీలో కూడా అది నాలుగో వంతు కన్నా తక్కువే. దిగేటప్పుడు మోటారే జనరేటరుగా మారి కారును పట్టి ఉంచుతుంది, ఎక్కడానికి వాడినదానిలో కొంత భాగం బ్యాటరీకి తిరిగి వస్తుంది. బ్రేకులు కాగే సమస్య దాదాపు ఉండదు. ఈ కొండకు ఎలక్ట్రిక్ వాహనాలంత బాగా అమరినవి మరొకటి లేవని నేను నమ్ముతాను. 2022 సెప్టెంబరు నుంచి ఆర్టీసీ ఎలక్ట్రిక్ బస్సులు ఇదే దారిలో తిరుగుతున్నాయి, ఒకసారి ఎక్కి, దిగేటప్పుడు ఆ పట్టును గమనించండి.

కొండ మీద చార్జింగు పెట్టి నూరు శాతం నింపుకుని మాత్రం దిగకండి. నిండిన బ్యాటరీలో తిరిగి వచ్చే విద్యుత్తుకు చోటుండదు కనుక మోటారు పట్టు తగ్గిపోతుంది, మామూలు బ్రేకుల మీదే ఆధారపడవలసి వస్తుంది. ఎనభై శాతం దగ్గర ఆపేయండి.

ప్రశ్న: కారుకు పెద్ద టైర్లు, చప్పుడు చేసే సైలెన్సరు వేయించుకోవచ్చా?
– రేణిగుంట

జవాబు: సైలెన్సరు వద్దు. తయారీదారు నిర్దేశించినదానికి భిన్నంగా వాహనాన్ని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది, పైగా ఆ చప్పుడు ఇష్టం మీది, భరించేది వీధివారు. టైర్ల విషయంలో, అదే కారు పై మోడలుకు కంపెనీ ఇచ్చే సైజు దాకా వెళ్ళవచ్చు. అంతకు మించితే స్పీడోమీటరు తప్పు చూపుతుంది, స్టీరింగు బరువెక్కుతుంది, మైలేజీ పడిపోతుంది.

ప్రశ్న: నిజమైన రేసు దగ్గరగా చూడాలని ఉంది. మనకు దగ్గరలో ఎక్కడ చూడవచ్చు? పోటీలో దిగాలంటే ఏం చేయాలి?
– డిగ్రీ విద్యార్థి, పుత్తూరు

జవాబు: మీరు అదృష్టవంతులు, దేశంలోని పాత రేసు ట్రాకులలో ఒకటి మీకు కొన్ని గంటల దూరంలోనే ఉంది. శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో 1990లో ప్రారంభమైన మద్రాసు ట్రాకు 3.7 కిలోమీటర్ల పొడవుంటుంది. 2005లో ఫార్ములా 1లో నడిపిన మొదటి భారతీయుడు నారాయణ్ కార్తికేయన్, 2010లో రెండోవాడైన కరుణ్ చందోక్, ఇద్దరూ ఈ ట్రాకు మీద నడిపి పైకి వచ్చినవారే. హైదరాబాదులో 2023 ఫిబ్రవరిలో ‘ఫార్ములా ఈ’ అనే ఎలక్ట్రిక్ కార్ల పందెం హుస్సేన్‌సాగర్ ఒడ్డున నగర వీధుల్లోనే జరిగింది గానీ, అక్కడ కంచెల వెనుక నుంచి ఒక్క మలుపే కనిపించేది. ఇరుంగాట్టుకోట్టైలో గ్యాలరీ నుంచి చాలా భాగం చూడవచ్చు.

వెళ్ళినప్పుడు ముందు వరుసలో ఉన్నవాడిని వదిలేసి, మధ్య వరుసలోని ఒక్క కారును ఎంచుకుని దానినే చూడండి. ప్రతి ల్యాపులో అది ఎక్కడ బ్రేకు వేస్తోందో చెవితో పోల్చుకోండి, ఇంజను మోత పడిపోయే చోటు అదే. మంచి డ్రైవరు విషయంలో ఆ చోటు ల్యాపు ల్యాపుకూ మారదు. చెవులకు ప్లగ్గులు తీసుకువెళ్ళండి. పోటీలో దిగాలంటే కార్టింగుతో, అంటే బుల్లి రేసు బండ్లతో, మొదలుపెట్టాలి, రేసు కార్లకన్నా ఖర్చు చాలా తక్కువ, తప్పులు త్వరగా బయటపడతాయి. ఆ తరువాత శిక్షణ పాఠశాలలో చేరి, భారత మోటారు స్పోర్ట్స్ క్లబ్బుల సమాఖ్య నుంచి పోటీ లైసెన్సు తీసుకోవాలి. రోడ్డు లైసెన్సు అక్కడ చెల్లదు, వైద్య పరీక్ష కూడా ఉంటుంది. కాబట్టి ఈ సెలవుల్లో చెన్నైలోని ఒక కార్టింగు ట్రాకుకు వెళ్ళి, స్నేహితులతో పందెం వేసుకోకుండా ఒంటరిగా ఒక పూట నడిపి, మీ ల్యాపు సమయాలన్నీ వరుసగా కాగితం మీద రాసుకురండి. అన్నిటికన్నా వేగవంతమైన ల్యాపుకూ, అన్నిటికన్నా నెమ్మదైన ల్యాపుకూ మధ్య తేడా ఎంతో నాకు రాయండి, శిక్షణకు డబ్బు పెట్టాలా వద్దా అన్నది దాన్ని చూసి చెబుతాను.